నా ఎత్తు బెల్లం

మే 1, 1943
ఈ నెల ఇరవై రెండున నాకు తులాభారమట. మూడేళ్ళప్పుడు నాకు జ్వరమొచ్చి పోయేటట్టుంటే, పిల్ల బతికితే దాని ఎత్తు బెల్లం ఇస్తానని అవ్వ కొండమీది స్వామికి మొక్కుకుంది. పన్నెండేళ్ళు ఎవరికీ తీరిక లేదు. అప్పుడే తూచి ఉంటే ఒక్క గంపతో పోయేది గదా!

మే 2
బెల్లం తెచ్చేది చిత్తూరు మామ. వసారాలో అందరి ముందూ — "ఒక బండి సాలదప్పా, రెండు కట్టాల!" నాయన కూడా నవ్వాడు. నాయన నవ్వకుండా ఉండాల్సింది.

మే 4
పెద్దమనిషినైనప్పటి నుంచి బడి లేదు, వీధి లేదు. రెండేళ్ళు. కూర్చో, తిను, మళ్ళీ కూర్చో. చంద్రగిరి కోట మెట్లు పరుగెత్తి ఎక్కింది నేనేనా...

మే 7
పొద్దుటి సంగటి కుక్కకు పెట్టాను. పెరట్లో తులసికోట చుట్టూ నూట ఎనిమిది సార్లు. మళ్ళీ నూట ఎనిమిది. అరికాళ్ళు బొబ్బలు. అవ్వ చేతులు జోడించింది — "ఎంత భక్తి సూడు నా బంగారుకి!"
భక్తి కాదవ్వా. మనసులోనే అనుకొని ఇంకో చుట్టు మొదలుపెట్టాను.

మే 12
ఉపవాసమంటే ఎవరూ ఏమీ అడగరు. మజ్జిగ ఒక్కపూట. పక్కింటామె కూతుర్ని తిడుతోంది — "ఆ పిల్లను సూసి నేర్సుకో!" సిగ్గుతో చచ్చిపోయాను. అయినా తినలేదు.

మే 15
రవికె వదులైంది. సంతోషం లేదు. దువ్వెన నిండా జుట్టు. ఇంకా తగ్గాలి... ఇంకా...

మే 18
ఊరికే ఏడుపొస్తోంది.

మే 20
అమ్మతో చెప్పేద్దామని వంటింటి దాకా పోయాను.
"ఏమే?"
"ఏం లేదు."

మే 22
కొండ. డోలీ వద్దని నడిచాను. మోకాళ్ళ పర్వతం దగ్గర కళ్ళు బైర్లు కమ్మాయి. అవ్వ అందరి చేతా గోవిందా అనిపించింది. గుడిలో తక్కెట్లో కూర్చోబెట్టారు. మామ అవతల బెల్లం పేర్చాడు, నా వైపు తట్ట గబుక్కున లేచింది. దిమ్మెలు తీశాడు. తీస్తూనే ఉన్నాడు. నవ్వడం మానేశాడు. అవ్వ స్వామి మహిమ అంటోంది. అమ్మ మాత్రం నా మణికట్టు పట్టుకొని — "అన్నం తిని ఎన్ని దినాలైందే?"
నాకు నిజంగా గుర్తు లేదు.

మే 24
అయిపోయింది. ఇంక నన్ను తూచేవాళ్ళు లేరు. తినొచ్చు.
అమ్మ నెయ్యి వేసి అన్నం కలిపింది. "ఒక్క ముద్ద, నా తల్లి గదూ" అంటోంది. ఆకలిగా ఉంది. తిందామనే అనుకున్నాను, ఒట్టు... నోరు తెరుచుకోలేదు. ముద్ద పట్టుకొని అమ్మ చెయ్యి అట్లాగే ఉంది.