వెన్నుల్లో దాచిన చీటీలు

గ్రంథాలయంలో నలభై ఒక్క ఏళ్లు పుస్తకాలు బైండు చేసి పదవీ విరమణ పొందిన నేను, డెబ్బై నాలుగో ఏట, పూర్తి స్పృహతో, ఎవరి ఒత్తిడీ లేకుండా, ఆసుపత్రి మంచం మీద కూర్చుని స్వయంగా రాసుకుంటున్న వీలునామా ఇది. ఇంతకు ముందు మరొకటి రాయలేదు. భయపడినంత మాత్రాన మతి లేనట్టు కాదని వకీలు గారు చెప్పారు కనుక, భయపడుతున్నానని కూడా నమోదు చేస్తున్నాను. రేపు ఉదయం ఎనిమిది గంటలకు నా గుండె కోస్తారు. ఎవరికీ ఏమీ కాకుండానే పోతానేమోనని నా భయం.

1. ఈ వీలునామా అమలు బాధ్యత నా మేనల్లుడిది. "మామయ్యా, నీకేం కాదు, ఊరికే కంగారు పడకు" అని పొద్దున్నించి ఆరుసార్లు అన్నాడు. నాకంటే వాడే ఎక్కువ బెదిరిపోయాడు. నేనుంటున్న రెండు గదుల ఇల్లు వాడికే చెందాలి. వంటగది కిటికీ రెక్కను పైకెత్తి మూయాలి. లాగితే ఊడి చేతికొస్తుంది.

2. గోడలకున్న కుటుంబ ఫోటోలన్నీ మా అన్నయ్యకు. ప్రతి శుభకార్యంలోనూ అందర్నీ వరసగా నిలబెట్టి, "నువ్వే తియ్యరా, నీ చెయ్యి కదలదు" అని కెమెరా నాకిచ్చేవాడు. పదకొండు ఫోటోలు. ఒక్కదాంట్లోనూ నేను లేను కనుక వాటిమీద నాకు హక్కు లేదు. మూడోదాంట్లో ఆయన కళ్లు మూసుకున్నాడు. నేను చూసే నొక్కాను.

3. స్వర్ణోత్సవ సభలో కాపలాదారునీ తోటమాలినీ కూడా తలచుకుని నన్ను మరిచిపోయిన గ్రంథాలయ అధికారికి నా మొద్దుబారిన కత్తి. దానితోపాటు ఒక నిజం. అట్ట కట్టేముందు పుస్తకం వెన్నుకు కాగితం అంటిస్తాం. దానికింద, ఎవరికీ కనపడకుండా, నా పేరు రాసిన చీటీ పెట్టేవాణ్ణి. ఒక్క పుస్తకం వదల్లేదు. ఆయన కుర్చీ వెనకున్న బీరువా నిండా నేనే ఉన్నాను. ఎక్కడో ఒకచోట నా పేరుండాలని చేశాను. తప్పయితే తప్పే. పుస్తకాలను మాత్రం కోయించవద్దు.

4. ప్రార్థన మందిరానికి ఏమీ లేదు. ఏళ్ల తరబడి చివరి వరసలో కూర్చుని, ఒక్కరోజు ముందుకెళ్తే, "పెద్దాయనా, అది మా కుటుంబం కూర్చునే వరస" అని ఒకాయన నన్ను లేపాడు. నేను చదివిన ఏ గ్రంథంలోనూ దేవుడు ఎవర్నీ లేపలేదు. ఆనాటినుంచి ఈ తొమ్మిదేళ్లూ ఇంట్లోనే, పుస్తకాన్ని నొక్కే మరలో బిగించి, జిగురు ఆరేదాకా దానికెదురుగా కూర్చుని ప్రార్థించాను. మొదట్లో అన్నీ ఫిర్యాదులే. పోనుపోను మాటలు తగ్గాయి. ఒకరోజు, ఎవరైనా వస్తున్నారేమోనని తలుపువైపు చూడకుండా గంటసేపు కూర్చున్నానని గమనించాను. బుద్ధెరిగాక అదే మొదలు.

5. పైవాటాలో కుట్టుపని చేసే అమ్మాయికి నా సూదులు, మైనం పట్టించిన దారం, మడతలు నొక్కే ఎముక పలక. ఆమె ప్రార్థన పుస్తకం కూడా నా బల్లమీదే ఉంది. "తాతగారూ, కాగితాలు ఊడొస్తున్నాయి, మీ చేత్తో కుట్టిపెట్టండి" అని ఇచ్చింది. పోయినవారం పూర్తిచేశాను. జిగురు ఆరాక తెలిసింది, చీటీ పెట్టడం మరిచిపోయానని. ఇన్నేళ్లలో మొదటి పొరపాటు. వెన్ను చీల్చడానికి కత్తి తీశాను. ఆరిన వెన్నును వేలితో ఒకసారి తడిమి, కత్తిని మళ్లీ సొరుగులో పెట్టేశాను. ఎవరు కుట్టారో తెలియవలసినవాడికి తెలుసు. అది చాలనుకున్నాను. ఆశ్చర్యం, నిజంగానే చాలింది.

6. భయం పోయిందని రాస్తే ఇది దొంగ వీలునామా అవుతుంది. పోలేదు. మధ్యాహ్నం మూడయింది. నడవాలో చక్రాల మంచం చప్పుడైనప్పుడల్లా అది దాటిపోయేదాకా కలం ఆపేస్తున్నాను. రేపు నా పక్కన నడిచేవాళ్లను ఆపరేషను గది తలుపుదాకానే రానిస్తారట. తలుపు దాటి రాగలవాడితో నాకు తొమ్మిదేళ్ల పరిచయం ఉంది.

7. నా పేరు రాసిపెట్టుకున్న చీటీలు సొరుగులో ఇంకా నలభై మూడు మిగిలాయి. అవి మేనల్లుడి కూతురికి. వెనకవైపు ఖాళీగా ఉంది, బొమ్మలు వేసుకోవచ్చు.

పై సంగతులన్నీ చదువుకుని, మార్చి పదకొండు, బుధవారం నాడు, పేరు పైకి కనపడేలా సంతకం చేస్తున్నాను.

(సంతకం)
బైండరు

సాక్షులు:
వార్డు నర్సమ్మ. "పెడతాను గాని తాతగారూ, ఇంటికెళ్లాక దీన్ని మీరే చింపెయ్యాలి" అన్న షరతు మీద.
పక్క మంచం మీది లారీ డ్రైవరు. ఎడమచేతి వేలిముద్ర. కుడిచేతికి కట్టుంది.