దీవెనకి బెల్లం పెట్టకు, అక్కా

విజయవాడ,
ఆదివారం మధ్యాహ్నం

రూతక్కకి, బావగారికి చెల్లెలు సలోమి చేతులు జోడించి చెప్పే వందనాలు. దేవుడు కాపాడబట్టి నేనిక్కడ లేచి తిరుగుతున్నాను. మీరిద్దరూ ఎలా ఉన్నారు? నీ మోకాళ్ళ నొప్పి తగ్గిందా? బావగారు మందులు వేళకి వేసుకుంటున్నారా? నా చిన్నది దీవెన కాలు ఎలా ఉంది? అన్నిటికన్నా ముందు అదే అడుగుదామనుకున్నాను, ధైర్యం చాలక ఆఖర్న పెట్టాను.

నా గురించి దిగులు పడకు. హాస్టల్ వంటింట్లో పని అలవాటైంది. నాలుగు వందల మంది ఆడపిల్లలు, అందరూ కోచింగ్ పిల్లలే. లోపల పొయ్యిల వేడి, బయట బెజవాడ ఎండ. కాలవ గట్టు మీద నడిచినా గాలి సెగలాగే తగులుతుంది. అన్నం మాత్రం కడుపునిండా పెడతారు. సాంబారు తినీ తినీ నాలుక మొద్దుబారింది, ఎవరన్నా ఇటొస్తుంటే కాసిని ఎండు రొయ్యలు పంపు. నేను బాగానే ఉన్నాను. నిజంగా బాగానే ఉన్నాను.

ఫోన్లో చెప్పక ఈ ఉత్తరం ఎందుకంటావేమో. నువ్వు ఫోను స్పీకర్లో పెడతావు, దీవెన పక్కనే ఉంటుంది. ఈ మాటలు అలా దాని చెవిన పడకూడదు. రేపు పాస్టరమ్మగారు ఊరికి వస్తున్నారు, ఆమె చేతికిస్తాను. నా ఐదో తరగతి అక్షరాలు నీకు తెలిసినవే, తప్పులుంటే సర్దుకుని చదువుకో.

మొన్న బుధవారం ఫోన్లో ఏమన్నావో గుర్తుందా? "నీ కూతురు గట్టిదే సలోమీ! అరికాల్లో సీసా పెంకు దిగి నాలుగు రోజులైందంట, కిక్కురుమనలేదు. బడికెళ్ళొచ్చింది, అంట్లు కడిగింది. కాలు వాచిపోయాక మీ బావ చూశారు. ఆరెంపీ డాక్టరు పెంకు లాగుతుంటే కూడా ఒక్క చుక్క కన్నీళ్ళు లేవే! అచ్చం వాళ్ళక్క జ్యోతి పోలిక" అన్నావు. సంతోషంగానే అన్నావు.

తర్వాత అది ఫోను తీసుకుంది. "నేను ఏడవలేదమ్మా. పెద్దమ్మ బెల్లం ముక్క పెట్టింది" అంది. "మరి నాలుగు రోజులు ఎందుకు చెప్పలేదే?" అంటే, "పెద్దమ్మకి పని ఎక్కువ కదమ్మా" అంది. తొమ్మిదేళ్ళ పిల్ల. నేనేం చేశానో తెలుసా అక్కా? అలవాటు కొద్దీ "మా బంగారు తల్లే" అనేశాను. అప్పట్నుంచీ అన్నం సయించడం లేదు.

జ్యోతి పోలిక అన్నావు. ఆ పోలికే నా భయం.

పోయిన ఏడాది నాట్లప్పుడు ఏం జరిగిందో నీకు పూర్తిగా ఎప్పుడూ చెప్పలేదు. ఒక రోజు పొద్దున జ్యోతి అన్నం వద్దంది. ఏమైందే అంటే "ఏం లేదమ్మా" అంది. నేను పనికి వెళ్ళిపోయాను. మూడు రోజులూ అదే మాట. నాలుగో రోజు గడప దగ్గర కూలబడింది. పెద్దాసుపత్రిలో డాక్టరుగారు దాని పొట్ట మీద చెయ్యి వేసి, "ఏమ్మా, లోపల పేగు పగిలి చీము పట్టింది. ఈ నొప్పికి మగాళ్ళే కేకలు పెడతారు. పిల్ల నీకు చెప్పలేదా?" అన్నారు. దానికి నేను, "మా పిల్ల ఓర్పు గలదండీ, నన్నెప్పుడూ ఇబ్బంది పెట్టదు" అన్నాను. గొప్పగా అన్నాను అక్కా. ఆయన నా వంక చూసి తల దించుకున్నారు. అప్పుడు కూడా జ్యోతి నా చెయ్యి పట్టుకుని "ఇవాళ పనికెళ్ళలేదా అమ్మా?" అని అడిగింది. మర్నాటికి పోయింది. పద్నాలుగేళ్ళు నిండిన పిల్ల.

దానికి ఆ ఓర్పు దేవుడిచ్చింది కాదు. నేను నేర్పాను.

బెల్లం పెట్టడం నువ్వు నా దగ్గరే చూశావు. అదెందుకు మొదలైందో సిగ్గుపడి చెప్పలేదు. వాళ్ళ నాన్న తాగి వచ్చే రోజుల్లో పిల్లలు ఏడిస్తే ఇంకా రెచ్చిపోయేవాడు. అందుకని సందులో ఆయన అడుగులు వినపడగానే ఇద్దరి నోట్లో చెరో బెల్లం ముక్క పెట్టేదాన్ని. "కరిగేదాకా నోరు తెరవకూడదు. ఎవరు తెరవకపోతే వాళ్ళు బంగారు తల్లి" అనేదాన్ని. ఆటలాగా చెప్పాను. జ్యోతి ఎప్పుడూ గెలిచేది. నన్ను కొడుతున్నా దాని పెదవులు విడేవి కావు.

ఆయన పోయి ఐదేళ్ళయింది. ఆయన్ని పూడ్చాము గానీ ఆ ఆటని పూడ్చలేదు. జ్వరమొచ్చినా బెల్లమే, చెప్పులు తెగినా బెల్లమే, బడిలో ఎవరన్నా వెక్కిరించినా బెల్లమే. పిల్లలు నోరెత్తకపోతే నాకు సుఖంగా ఉండేది, సంఘంలో అందరూ మెచ్చుకునేవాళ్ళు. "సలోమి పిల్లలు ఎంత బుద్ధిమంతులో, ఉన్నట్టే తెలియదు" అనేవాళ్ళు. ఉన్నట్టే తెలియని పిల్ల పోయేటప్పుడు కూడా తెలియనివ్వలేదు.

పోయిన వారం ఇక్కడ ఒక సంగతి జరిగింది. గుడివాడ వైపు పిల్ల ఒకతి మూడు పూటలు కంచం నిండుగా వెనక్కి తెచ్చింది. ఏమ్మా అంటే "ఏం లేదాంటీ" అంది. చేతిలో గరిటె పక్కన పడేశాను. దాన్ని రెక్క పట్టుకుని బియ్యం బస్తాల గదిలోకి లాక్కెళ్ళి, "చెప్పకపోతే వదలను" అన్నాను. అది బెదిరిపోయి, తర్వాత ఏడుపు మొదలెట్టింది. మార్కులు తగ్గాయంట. "నాన్నకి తెలిస్తే మాట్లాడరు ఆంటీ. పోయినసారి పండగంతా మాట్లాడలేదు" అంది. అది ఏడుస్తుంటే నా చెయ్యి దానంతటదే అలమరలో బెల్లం దిమ్మ మీదకి వెళ్ళింది. చూసుకుని వెనక్కి లాక్కున్నాను.

ఏడిచే పిల్లని ఏం చెయ్యాలో నాకు తెలియదక్కా. ఇద్దరు పిల్లల్ని కన్నాను, ఇంత వయసొచ్చింది, తెలియదు. ఊరికే పట్టుకుని కూర్చున్నాను. ఈలోగా సాంబారు పొంగిపోయింది. వార్డెన్ మేడమ్ వచ్చి, "ఏం సలోమీ, ఇవాళ సాంబారు గచ్చుకి వడ్డించావా?" అని కేకలేశారు. ఆ పిల్ల ఏడుస్తూనే నవ్వింది, ఇంత అన్నం తింది. మేడమ్ తర్వాత వాళ్ళమ్మగారికి ఫోన్ చేసి మాట్లాడారు.

నిన్ను అనడం లేదక్కా. అమ్మ కోతలకి పోతే పదేళ్ళదానివి నన్ను చంకనేసుకుని పెంచావు. నేను ఏడిస్తే నీకు దెబ్బలు పడేవి, అందుకే నా నోరు మూసేదానివి. నీ తప్పేముంది? ఇప్పుడు నా పిల్లకి అన్నం పెట్టి బడికి పంపుతున్నావు, నీ రుణం తీర్చుకోలేను. కానీ కాళ్ళు పట్టుకుని అడుగుతున్నాను. దీవెనకి బెల్లం పెట్టకు. ఏడవకపోతే మెచ్చుకోకు. అది "ఏం లేదు" అంటే నమ్మకు. ఒళ్ళో కూర్చోబెట్టుకుని మళ్ళీ అడుగు. ఒంటి మీద చెయ్యి వేసి చూడు, అరికాళ్ళు చూడు. టీటీ ఇంజెక్షన్ వేయించారా? కాలు ఎర్రగా ఉన్నా, ఒళ్ళు వేడి చేసినా ఆరెంపీ దగ్గర ఆగొద్దు, బావగారిని పెద్దాసుపత్రికి తీసుకెళ్ళమను.

ఏడవనిస్తే పిల్లలు చెడిపోతారంటారు మనవాళ్ళు. చెడిపోనీ. మొండిదవనీ, నాకు ఎదురు చెప్పనీ, పదిమందిలో నా పరువు తియ్యనీ. బతికుంటే చాలు.

వార్డెన్ మేడమ్‌ని బతిమాలి వచ్చే శనివారం, ఆదివారం సెలవు తీసుకున్నాను. శనివారం మధ్యాహ్నం బస్సుకి వస్తాను. పిల్లని ఇక్కడ ఉంచుకోనివ్వరు, ఎక్కడన్నా చిన్న గది దొరికితే తెచ్చుకుంటాను. అప్పటిదాకా నీదే భారం.

బావగారికి, వాళ్ళమ్మగారికి నా వందనాలు చెప్పు. సంఘంలో పెద్దలందరినీ నా కోసం ప్రార్థన చెయ్యమని అడుగు. నీ ఆశీర్వాదం నాకూ నా బిడ్డకీ ఉండాలి.

ఒక్క మాట అక్కా. శనివారం నన్ను చూడగానే దీవెన ఏడిస్తే, "అమ్మ దూరం నుంచి వచ్చింది, ఏడిపించకు" అని ఊరుకోబెట్టకు. ఎంతసేపైనా ఏడవనీ. నవ్వుతూ ఎదురొచ్చి "నేను బాగానే ఉన్నానమ్మా" అంటుందేమోనని, నాకు ఇప్పట్నుంచే భయంగా ఉంది.

నీ చెల్లెలు,
సలోమి