ఫొటోలో ఉన్న మనిషి

అన్నయ్యా,

ఎన్నికల్లో నిలబడ్డ ఆ నల్లజాతి ఆవిడ పక్కన ఎవరో నల్లజాతి మనిషి ఉన్న ఫొటో నిన్న ఫోన్లో అందరికీ పంపావు. "వీడు జైలునుంచి పారిపోయొచ్చిన గూండా. ఈవిడ గెలిస్తే వీళ్ల జాతంతా మన నెత్తికెక్కుతుంది" అని దాని కింద ఉంది.

పొద్దున మా బేకరీ అద్దం పగలగొట్టారు. ఈయన గాజుపెంకులు ఊడుస్తూ, "మీ అన్నయ్యకి చెప్పకు, కంగారుపడతాడు" అన్నారు.

ఆ ఫొటోలో ఉన్నది ఈయనే అన్నయ్యా! ఆవిడ ఓట్లడగడానికి మా కొట్టుకొచ్చినప్పుడు తీసింది. ఒంటిమీద ఉన్నది నువ్వు పెట్టిన చొక్కానే. రాళ్లేసినవాళ్లు గుర్తుపట్టారు. ప్రతి ఆదివారం మా ఇంట్లో భోంచేసే నువ్వు గుర్తుపట్టలేదు.

ఓటు నీ ఇష్టం. ఈ ఆదివారమూ భోజనానికి రా. వచ్చి, ఒక్కసారి మీ బావ మొహంలోకి చూడు.

నీ చెల్లెలు