మూడో పొయ్యిరాయి

తగూనీత్,
జూలై 9

మరదలు తూదాకు,

వదిన ఇత్తో సలాములతో రాయునది. ఇక్కడ నేనూ మేకలూ బాగానే ఉన్నాం. నువ్వు ఎండకు పడిపోతే గాడిద మీద వేసుకొచ్చానని నిన్న సంతలో తమ్ముడు చెప్పాడు. అప్పటినుంచి రొట్టె గొంతు దిగడం లేదు.

ఎందుకమ్మా నీకీ పంతం? నీ రాయి మన తాతముత్తాతలకు ముందెప్పుడో ఆకాశం నుంచి పడి ఎడారంతా చెల్లాచెదురైన ఉల్కలో ముక్క అని పట్నం నుంచి రాళ్లు పరీక్షించడానికొచ్చిన ఆ రాళ్లాయన అన్నాడు. ఒక పక్క కొత్తగా విరిగింది కాబట్టి రెండో సగం కూడా ఉంటుందని, అది దొరికితే నీ పేరుతో పట్నంలో అద్దాల పెట్టెలో పెడతామని అన్నాడు. ఆనాటినుంచి నల్లలోయలో నీ వెతుకులాట.

నీ మీద నాకు కుళ్లే, దాచను. నలభై ఏళ్లుగా ఇక్కడ మేకలు తోలుతున్నాను, ఒక్క గులకరాయికీ నా పేరు పెట్టలేదు. కొండల నుంచి కాపురానికొచ్చి నువ్వింకా బావికి దారి తప్పుతావు, నీకు ‘తూదా రాయి’. ఖర్జూరాలమ్మేవాడు కూడా నన్ను తూదా ఆడపడుచు అంటున్నాడు. ఆ రోజు ఇంటికొచ్చి మేకల మీద అరిచాను.

మనిద్దరం టీ కాచుకున్న సాయంత్రం గుర్తుందా? పొయ్యికి మూడు రాళ్లు తెచ్చింది నేను. తాగాక నువ్వు ఒకటి ఎత్తి, “వదినా, ఇది ఇంత బరువేంటి?” అన్నావు. “మా తమ్ముడింట్లో రాళ్లు తక్కువయ్యాయా, మోసుకో” అని నవ్వాను. ఆ నవ్వే నా కొంప ముంచింది. తర్వాత ఆ చోటు గుర్తులేదని నువ్వంటే నల్లలోయ అని చెప్పిందీ నేనే.

ఇక వెళ్లకు. మజ్జిగ తాగి పడుకో. తమ్ముడి చేత ఖర్జూరాల మూట పంపుతున్నాను, కాస్త బరువుంటుంది.

నీ వదిన,
ఇత్తో

తా.క. ముఖం చూసి చెప్పలేక రాస్తున్నాను. మనం టీ కాచుకున్నది నల్లలోయలో కాదు, తుమ్మచెట్ల వాగు దగ్గర. నువ్వు మేకల వెనక వెళ్లినప్పుడు, మూడో రాయి పెద్దదై కెటిల్ ఒరిగిపోతుంటే బండకేసి కొట్టి రెండు చేశాను. రాళ్లాయన వచ్చి వెళ్లిన మర్నాడే పోయి రెండో సగం తెచ్చుకున్నాను. ఏడు నెలలుగా పిండి డబ్బా అడుగున దాచాను. బయటపెడితే దాన్ని కూడా నీ పేరుతోనే పిలుస్తారని. నువ్వు ప్రాణం మీదికి తెచ్చుకుంటావనుకోలేదు తూదా. మూటలో పైపైనే ఖర్జూరాలు. అడుగున ఉన్నది తీసి నీ ముక్కకు ఆనించి చూడు. పేరు నీదే ఉండనీ. ఆ పొయ్యి పెట్టింది మాత్రం ఇత్తో అని వాళ్లకు చెప్పు.