ఈ ఏడాది సలహాలు బంద్

డిసెంబర్ 31, బుధవారం

ఈ డైరీ ఎక్కడైనా పోతే తెచ్చివ్వాల్సిన చిరునామా: రామభద్రరావు, రిటైర్డ్ రైల్వే సిగ్నల్ ఇన్‌స్పెక్టరు, తూర్పు మారేడ్‌పల్లి, సికింద్రాబాద్. కింద షట్టర్ ఉన్న ఇల్లు. ఎవరినడిగినా చెబుతారు. చెప్పలేదంటే వాళ్లు ఆ వీధికి కొత్తగా అద్దెకొచ్చినవాళ్లు.

మా ఇంట్లో ఒక ఆచారం ఉంది. ఏటా ఈ రోజున నలుగురం హాల్లో కూర్చుని, రాబోయే ఏడాదిలో ఏం సాధిస్తామో చెబుతాం. మా అబ్బాయి విశ్వతేజ ఫోన్లో వీడియో తీస్తాడు. మళ్లీ ఏడాదికి దాన్ని టీవీలో పెట్టి చూస్తాం. పరువుగా బతకాలనుకునే కుటుంబాలు ఇలాంటివి పెట్టుకోకూడదు.

నిరుటి వీడియో ఫలితాలు:

నేను: రోజూ ఉదయం నడక. (ఫిబ్రవరి దాకా. తర్వాత వీధిలో కుక్కలు.)

విశ్వతేజ: జిమ్. (జిమ్‌వాళ్లు వీడికి పుట్టినరోజు మెసేజి పంపారు. అంతవరకే సంబంధం.)

మా ఆవిడ వీరరాఘవమ్మ: అటకమీది కుట్టుమిషను దించి జాకెట్లు తనే కుట్టుకోవడం. (పూర్తి. పక్కింటి డోరా గారికి గౌన్లు కూడా కుట్టింది. ఈవిడతో పోటీ పెట్టుకోకూడదు.)

మా కోడలు కల్పలత: "కింద షట్టర్ గదిల కర్రీ పాయింట్ పెడ్తా." (షట్టర్ ఇంకా వేసే ఉంది.)

"ఏడాది పొడుగునా ఏం చేశావమ్మా?" అన్నాను, పెద్దవాణ్ణి కనుక.

కల్పలత మా ఆవిడ వైపు చూసింది. మా ఆవిడ సీలింగు ఫ్యాను వైపు చూసింది.

"ఏం చెప్పాలె మామయ్యా," అంది కోడలు. "షురూ చేద్దామనుకున్నప్పుడల్లా మీరొక సలహా చెప్తుంటిరి. అది సెట్ చేస్కునేసరికి ఇంకోటి. కౌంటర్ తూర్పు దిక్కన్నరు. కట్టినంక పడమర దిక్కన్నరు. కర్రీ పాయింట్ కోసమని నౌకరీ ఇడిచిపెట్టి ఏడాది అయితుంది. మా అమ్మ రోజు ఫోన్ చేసి, ఇంకెప్పుడు బిడ్డా అని అడుగుతుంది. నాకు మస్తు తక్లీఫ్ అయితుంది."

గోడ మీది క్యాలెండరు వైపు చూసి, "రథసప్తమి ఆఖరు. అప్పటికి తెరవకపోతే మళ్ల ఆఫీసుకే పోతా," అంది.

కోపం రాలేదు. రాకపోవడమే కొత్తగా ఉంది. ఆ పిల్ల చేతి వంటకు వీధంతా వాసన పట్టి ఆగుతుంది. అలాంటి పిల్లకు ఒక ఏడాది నా నోటివల్ల పోయిందా?

లేచి నిలబడి వీడియో ఆన్ చేయమన్నాను. "ఈ ఏడాది ఎవరికీ ఒక్క సలహా ఇవ్వను. ముఖ్యంగా కర్రీ పాయింటు గురించి," అని ప్రకటించాను.

"సాక్ష్యానికి నా ఫోన్లో కూడా తియ్యరా," అంది మా ఆవిడ.

జనవరి 1, గురువారం

లేచాను. సలహా లేదు.

పాలబ్బాయి గేటు బార్లా తెరిచి పోయాడు. ఊరుకున్నాను. నేనే వెళ్లి వేశాను. చప్పుడు కాస్త గట్టిగా వచ్చింది, అది గేటు తప్పు.

కల్పలత పొయ్యి తెచ్చి షట్టర్ గదిలో కిటికీ కింద పెట్టించింది. గాలికి మంట నిలవదు. నాలుక చివరిదాకా వచ్చింది. కాఫీతో కలిపి మింగేశాను.

మా ఆవిడ నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. జ్వరం లేదని తెలిశాక ఇంకా కంగారుపడింది.

ఇంత సులువని తెలిస్తే పెళ్లయిన కొత్తలోనే మొదలుపెట్టేవాణ్ణి.

జనవరి 3, శనివారం

కోడలితో మోండా మార్కెట్. గిన్నెలు కొనాలట. సంచీ మోయడానికి మాత్రమే వెళ్లాను.

ఆ అమ్మాయి ఎంచుకున్న పెద్ద డేక్సా అడుగు పలచన. అందులో పప్పు వండితే మాడిపోవడం ఖాయం. చూశాను. డేక్సా కూడా నన్ను చూసింది. మాట్లాడలేదు.

కాకపోతే బయటికొస్తూ ఒక వంకాయలావిడకి, బుట్ట ఎండలోంచి నీడలోకి జరపమని చెప్పాను. కొత్తిమీర మీద నీళ్లు అలా కాదు ఇలా చల్లాలని కూడా చెప్పాను.

"తాతా, నువ్వు కొంటవా, అమ్ముతవా?" అంది.

ఇది తీర్మానభంగం కాదు. ఇంటి గేటు బయట ఇచ్చినవి లెక్కలోకి రావు. డిసెంబరు 31నే ఈ సంగతి స్పష్టం చేయాల్సింది.

జనవరి 6, మంగళవారం

ఇంకో స్పష్టీకరణ. ప్రశ్న సలహా కాదు.

ఉదయం వంటింటి గుమ్మంలో నిలబడి, "అమ్మా, బెండకాయలు కడిగి కోస్తారా, కోసి కడుగుతారా?" అని అడిగాను. ఊరికే, జ్ఞానం కోసం.

"మీ దిక్కు ఎట్ల చేస్తరో గట్లనే మామయ్యా," అంది కల్పలత, కోసిన ముక్కల మీద పంపు తిప్పుతూ.

"అది ప్రశ్న కాదండీ, ఎత్తిపొడుపు," అంది మా ఆవిడ.

జనవరి 9, శుక్రవారం

ఫ్యామిలీ గ్రూపులో వీడియోలు పెట్టాను. ఎగ్జాస్ట్ ఫ్యాన్ లేని వంటగదుల గురించి ఒకటి. నూనె మళ్లీ మళ్లీ కాచడం గురించి ఒకటి. పలచని గిన్నెల గురించి వెతికితే తమిళంలో దొరికింది, అదీ పెట్టాను. ఫార్వర్డ్ చేయడం సలహా ఇవ్వడమెలా అవుతుంది? చెప్పేది వేరేవాళ్లు.

విశ్వతేజ ఆఫీసు నుంచి ఫోన్ చేశాడు. "నాన్నా, తీర్మానం నోటికేనా, వేళ్లకు లేదా?"

సిగ్గేసింది. అన్నీ తీసేశాను.

ఇలా బొట్లు బొట్లుగా కారుతుంటే లాభం లేదు. రేపటి నుంచి సంపూర్ణ మౌనం. కర్రీ పాయింటు మాట ఎత్తగానే నేను మేడెక్కేస్తాను. అలా చేస్తే తప్ప నాలాంటివాడు బాగుపడడు.

జనవరి 15, గురువారం

పండగ. వీధిలో పిల్లల గాలిపటాలన్నీ కరెంటు తీగలకే. ఏమీ అనలేదు.

కల్పలత పుట్టింటి నుంచి సకినాలు వచ్చాయి. మా తెనాలి వైపు వాటి సంగతి తెలియదు కనుక వాటి ముందు మౌనం పాటించడం చాలా తేలిక. చాలా తిన్నాను.

మౌనం అద్భుతంగా సాగుతోంది. ఇల్లంతా ప్రశాంతం. కోడలు కూడా ఈ మధ్య తక్కువ మాట్లాడుతోంది. మంచి అలవాట్లు ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటాయి.

జనవరి 17, శనివారం

పరీక్ష నెగ్గాను. ఇది వివరంగా రాయాలి.

కల్పలత నాలుగు రకాలు చేసి, పళ్లెంలో ఒక్కోటీ కాస్త పెట్టి మేడ మీదికే తెచ్చింది. గుత్తి వంకాయ, దొండకాయ వేపుడు, తోటకూర పప్పు, పచ్చి పులుసు. కొంగు వేలికి చుట్టుకుంటూ పక్కనే నిలబడింది.

"ఎట్లున్నయి మామయ్యా?"

వంకాయలో ఉప్పు తక్కువ. చింతపండు ఎక్కువ. వేపుడు ఇంకో రెండు నిమిషాలు ఉండాలి. పప్పు అడుగంటింది, డేక్సా సంగతి నాకు ముందే తెలుసు. పచ్చి పులుసు మాత్రం తాగుతుంటే ప్రాణం లేచొచ్చింది.

"బాగున్నాయి," అన్నాను. పేపరు తీసి చదువుకున్నాను.

ఆ అమ్మాయి కాసేపు పళ్లెం వైపు చూసి, తీసుకుని దిగిపోయింది. సంతోషంతో మాట రాలేదు కాబోలు.

జనవరి 19, సోమవారం

ఘోరం.

కింద షట్టర్ గది బోసిపోయి ఉంది. డేక్సాలు అటకెక్కాయి. పొయ్యి మీద దుప్పటి. విశ్వతేజ బూట్లు వేసుకుంటూ తల దించుకునే చెప్పాడు. "కల్ప పాత ఆఫీసుకు ఫోన్ చేసింది నాన్నా. వచ్చే నెల ఒకటి నుంచి రమ్మన్నారు."

"ఎందుకురా? నేను ఒక్క మాట కూడా అనలేదే?"

వాడు బండి తాళాలు తీసుకుని వెళ్లిపోయాడు. మా ఆవిణ్ణి అడిగాను. కుట్టుమిషను ఆపి చెప్పింది.

"మీరేమీ అనలేదు. అదే గొడవ. తేజ రైల్వే పరీక్ష రాయనన్నప్పుడు ఏం చేశారు? ఆర్నెల్లు వాడికొక్క సలహా చెప్పలేదు. ఆ పిల్ల కాపురానికొచ్చింది అప్పుడే. ఈ ఇంట్లో మామగారు తప్పు పట్టడం మానేస్తే కోపం వచ్చినట్టని ఆనాడే నేర్చుకుంది."

"ఇది కోపం కాదు, తీర్మానం. వీడియో కూడా ఉంది."

"మీ తీర్మానాలు ఎన్నాళ్లుంటాయో అందరికీ తెలుసు. ఇన్నాళ్లు నిలబడిందంటే ఇది తీర్మానం కాదు, కోపమేనని ఖాయం చేసుకుంది. నిన్న నా దగ్గర కూర్చుని ఏడ్చింది. నేను చెప్పినా నమ్మదు. మామయ్యకు నేను దుకాణం పెట్టుడు ఇష్టం లేదత్తయ్యా, ఉప్పు లేని వంకాయ తిని సుత బాగుందన్నరు అంటుంది."

సూదిలో దారం ఎక్కిస్తూ ఆవిడే మళ్లీ అంది.

"దీపం వెలగని సిగ్నల్ దగ్గర మీ డ్రైవర్లు ఏం చేస్తారండీ?"

"బండి ఆపేస్తారు. వెలగని సిగ్నల్‌ను ఎర్రదీపంగానే తీసుకోవాలి. రూలు."

"మరి?" అని మళ్లీ మిషను తొక్కడం మొదలుపెట్టింది.

ఈ రూలు ఎంతమంది కుర్రాళ్లకు నేనే పాఠం చెప్పానో. అన్నం సయించలేదు. ఇన్నాళ్లూ నన్ను నేను మెచ్చుకుంటూ మేడ మీద కూర్చుంటే, కింద ఆ పిల్ల తన దుకాణం తనే మూసుకుంది.

జనవరి 20, మంగళవారం

తీర్మానం భంగమైంది. చిన్నగా కాదు.

ఉదయం వంటింట్లోకి వెళ్లాను. కల్పలత విశ్వతేజకు డబ్బా కడుతోంది.

"అమ్మా, మొన్నటి వంకాయలో ఉప్పు తక్కువ," అన్నాను.

గరిటె ఆగిపోయింది.

"చింతపండు ఎక్కువ. వేపుడు ముందే దించేశావు. డేక్సా అడుగు పలచన, అది మార్కెట్లోనే చూశాను. పొయ్యి కిటికీ కింద వద్దు, మంట నిలవదు. కవర్లకు రబ్బరు బ్యాండు వేస్తే పులుసు కారుతుంది, దారంతో కట్టాలి. బోర్డు బస్టాపు వైపు తిప్పాలి. బెండకాయలు కడిగాకే కొయ్యాలి. పచ్చి పులుసు మాత్రం మా అమ్మ బతికుంటే నీ దగ్గర నేర్చుకునేది." ఊపిరి తీసుకున్నాను. "నువ్వు దుకాణం పెట్టడం నాకు ఇష్టం. చాలా ఇష్టం. నీకు అడ్డం రాకూడదనే నోరు కట్టేసుకున్నాను తల్లీ."

కల్పలత గట్టు మీద కూలబడింది. నవ్వుతోందో ఏడుస్తోందో నాకు తెలియలేదు, రెండూ అనుకుంటా.

"గిదంతా ఇన్ని రోజులు కడుపుల పెట్టుకున్నరా? మీకు అజీర్తి గాలేదా మామయ్యా?"

"అయింది."

"నేను సలహాలే వద్దంటలేను. షురూ కాకముందే అన్నీ ఒక్కసారి మీదేస్తే నాకు కాళ్లు చేతులు ఆడయి. తెరిచినంక చెప్పుండ్రి. రోజుకొకటి."

"మరి ఆఫీసు?"

"ఫోన్ చేసి వద్దంటా. జెర డేక్సాలు దించుండ్రి. ఐదు రోజులే ఉన్నయి."

నేనూ మా వాడూ కలిసి దించాం. ఎలా దించాలో వాడికి ఒక్క ముక్క కూడా చెప్పలేదు. ఒకే ఒక్క ముక్క చెప్పాను.

జనవరి 25, ఆదివారం, రథసప్తమి

తెరిచింది.

షట్టర్ లేస్తున్న చప్పుడు వింటూ కల్పలత వాళ్లమ్మకు ఫోన్ చేసి, "అమ్మా, తెరిచిన," అని ఒక్క మాటే అంది. అవతల ఏమన్నారో గాని కళ్లు తుడుచుకుంది. నేను కూడా తుడుచుకున్నాను, పొగ వల్ల. పొయ్యి ఇంకా వెలిగించలేదు.

రోజుకొక సలహా అనే నియమం మధ్యాహ్నం దాకా చక్కగా నడిచింది. తర్వాత డోరా గారు గిన్నెతో వచ్చి, "ఏది బాగుంది అన్నయ్యగారూ?" అని నన్నే అడిగింది. ఆవిడకు బీపీ ఉందని నాకు తెలుసు. వేపుడు వద్దన్నాను. పచ్చడి వద్దేవద్దన్నాను. వెనకాల లైన్లో ఉన్న కుర్రాడు బక్కగా ఉన్నాడు, వాడు పప్పు రెండు కవర్లు తీసుకోవాలన్నాను. వాడి వెనకాయనకు పొట్ట ఉంది. ఏం తినకూడదో ఆయనకు ఇంకా చెబుతుండగానే కోడలు గరిటెతో బయటికొచ్చింది.

"మామయ్యా, మీరు జెర మేడ మీదికి పోయి రెస్ట్ తీస్కోండ్రి."

వెళ్లాను. డోరా గారు చివరికి పావుకిలో వేపుడు కొనుక్కుని వెళ్లడం మేడ మీంచి చూశాను. కేకేసి చెప్పబోయాను. మా ఆవిడ నా నోటికి సున్నుండ అడ్డం పెట్టింది.

జనవరి 26, సోమవారం

కూర్చుని మళ్లీ రాసుకున్నాను. తీర్మానం: సలహాలు బంద్. ఇంట్లోనూ, గేటు బయటా, ఫోన్లోనూ. కొనేవాళ్లకూ, అమ్మేవాళ్లకూ. మౌనం మాత్రం లేదు. బాగున్న వాటిని బాగున్నాయని గట్టిగా చెబుతాను. కొత్త సంవత్సరం పాతబడితేనేం, నెల ఇంకా జనవరే. రేపటి నుంచి అమలు.

సాయంత్రం కల్పలత షట్టర్ దించి పైకొచ్చింది. గిన్నెలన్నీ ఖాళీ అట. మెట్టు మీద కూర్చుని పాదాలు నొక్కుకుంటూ, "మామయ్యా, ఒక సలహా చెప్పుండ్రి. రేపు పొద్దుగాల ఏం వండాలె?" అంది.

సర్వీసంతా నా కింద పనిచేసినవాళ్లు నా సలహాలు విన్నారు, వినక తప్పదు గనుక. ఇంట్లోవాళ్లూ అంతే. సలహా చెప్పమని నన్ను అడిగినవాళ్లు ఈ వయసు దాకా ఒక్కరూ లేరు. కాసేపు మాట రాలేదు. కోపమొచ్చిందనుకుంటుందేమోనని భయపడి, గబగబా గొంతు సవరించుకున్నాను.

"తీర్మానం రేపటి నుంచిలే," అని చెప్పి, కుర్చీ ఆమె దగ్గరికి లాక్కున్నాను.