పొట్టేలుతో రాట్నం ఎక్కిన మామయ్య

మార్కాపురం,
22-5-1958

రాచర్లలో ఉన్న బావ కొండయ్యకు బామ్మర్ది మస్తానయ్య దండం పెట్టి రాయునది. ఇక్కడ మేమంతా చెమటలో మునిగి క్షేమం. అక్కడ నువ్వు, మా అక్క రంగనాయకమ్మ, కోడలు సుబ్బులు, గొర్రెలు, అందరూ దుమ్ములో క్షేమమని తలుస్తాను.

ఆషాఢం రాకముందే మా ఆంజనేయులుకూ మీ సుబ్బులుకూ తాంబూలాలు మార్చుకుందామని నువ్వు చెప్పి పంపిన మాట అందింది. చాలా సంతోషం. దానితోపాటు, మార్కాపురంలో ఎగ్జిబిషన్ దిగిందంట గదా, పదిమందిమీ పదిరోజులు ముందే వచ్చి మీ ఇంట్లో ఉండి చూస్తామని కూడా చెప్పి పంపినావు. బావా, నీ మేలు కోరి ఒక మాట చెబుతాను. ఎవరికీ చెప్పవద్దు.

ఎగ్జిబిషన్ స్టేషను దగ్గరి బీడు నేలలో దిగింది. అందులో పెద్ద రాట్నం ఒకటి ఉంది. జెయింటు వీలు అంటారంట. తాటిచెట్టు మీద తాటిచెట్టు నిలబెట్టినంత ఎత్తు. మనుషులను పెట్టెల్లో కూర్చోబెట్టి, గొళ్ళెం వేసి, ఆయిల్ ఇంజనుతో తిప్పుతారు. మొన్న నా కళ్ళ ఎదుట నలుగురు ఎక్కినారు. దిగేటప్పుడు చూస్తే ముగ్గురే. నాలుగోవాడు ఏమైనాడని అడిగితే, టికెట్లు చించేవాడు "ఈ ఉక్కకు ఆవిరై పోయింటాడులే" అని బీడీ ముట్టించుకున్నాడు.

దాని పక్కన ఒక డేరా. లోపల బల్ల మీద పళ్ళెం, పళ్ళెంలో ఆడపిల్ల తలకాయ. మెడ కింద ఏమీ లేదు. కళ్ళు ఆర్పుతుంది, పలుకుతుంది. "ఏ ఊరు తల్లీ నీది?" అని అడిగినాను. "మాది రాచర్ల పక్కనే మామా. ఎగ్జిబిషన్ చూద్దామని వచ్చినాను" అనింది. ముందు నా కాళ్ళు డేరా బయటికి వచ్చినాయి, తర్వాత నేను వచ్చినాను.

కాబట్టి ఆ డేరాలు పీకిందాకా ఈ ఊరి పొలిమేర తొక్కవద్దు. తాంబూలాల రోజుకు వచ్చి, తాంబూలం పుచ్చుకొని, పొద్దు వాలకముందే వెళ్ళిపోండి.

నీ మేలు తప్ప వేరే పని లేని
మస్తానయ్య

తా.క.: పళ్ళెంలో పిల్లకు తల మాత్రం నున్నగా దువ్వి పూలు పెట్టినారు. ఆ విషయంలో కంపెనీవాళ్ళను అనడానికి లేదు.


రాచర్ల,
26-5-1958

బామ్మర్ది మస్తానయ్యకు బావ కొండయ్య రాయించునది. నీ ఉత్తరం అందింది. అందినప్పటి నుంచి ఇంట్లో ఎవరికీ ముద్ద దిగడం లేదు. సుబ్బులు దానిని రెండుసార్లు చదివింది. రెండోసారి మీ అక్క చెవులు మూసుకుంది.

ఆడపిల్లల తలకాయలు పళ్ళేల్లో పెట్టే ఊరికి నా బిడ్డను కాపురానికి ఎట్ల పంపేది? ఎగ్జిబిషన్ ఈ ఏడు పోతుంది, వచ్చే ఏడు మళ్ళీ వస్తుంది. అప్పుడు రెండో పళ్ళెం ఎవరికి? తాంబూలాల మాట ఇంతటితో విడిచిపెట్టు. బెస్తవారిపేట నుంచి ఒక సంబంధం వచ్చి ఉంది. ఆ ఊళ్ళో రాట్నం లేదని విచారించినాము.

ఇట్లు భయముతో,
కొండయ్య వేలిముద్ర
(నాయన చెప్పగా రాసినది సుబ్బులు)

తా.క.: ఆ నాలుగోవాడు దొరికినాడా? మీ అక్క పొద్దున్నే లేచి అదే అడుగుతుంది.


మార్కాపురం,
29-5-1958

బావకు వంద దండాలు. వందా సరిపోకపోతే ఎన్ని కావాలో రాయి, పెడతాను.

బావా, అదంతా ఉత్తదే! నాలుగోవాడు లేనే లేడు. ఎక్కిందే ముగ్గురు. పళ్ళెంలో తలకాయ కూడా కట్టుకథే. బల్ల కింద అద్దాలు పెట్టినారు. పిల్ల కింద కూర్చుని బల్ల బొక్కలో నుంచి తల పైకి పెడుతుంది. ఆ పిల్ల పేరు ప్రేమకుమారి. నిన్న మధ్యాహ్నం మా పలకల కార్ఖానా ముందరికి తలా కాళ్ళూ అన్నీ కలిపి నడిచివచ్చి నిమ్మకాయ సోడా తాగిపోయింది. రాచర్ల పక్కన అని నేను కలిపినాను.

ఎందుకు కలిపినానంటే, మా వీధి బావి అడుగంటింది. ఇంటికి రెండు బిందెలు. పదిమంది పదిరోజులు దిగితే నేను కార్ఖానా మాని కావడి మొయ్యాలి. వద్దని మొగాన చెప్పలేక, నవ్వులాటగా నాలుగు ముక్కలు రాసినాను.

నీ జవాబు ఇంట్లో చదివినాను. మా ఇంటిది లక్ష్మీనరసమ్మ చేటలో బియ్యం చేటలోనే పెట్టి లేచింది. "నీ నోట్లో దుమ్ము బడ! కన్నకొడుకు పెళ్ళికి నువ్వే గుంత తవ్వితివి గదయ్యా! పో, పొయ్యి ఆ పళ్ళెంలో నీ తలకాయ పెట్టుకో. దువ్వి పూలు నేను పెడతా" అనింది. దానికి నేను భయపడలేదు, ఇరవై ఏళ్ళుగా అలవాటే. ఆంజనేయులు మాత్రం నన్ను చూసి, వాకిట్లోకి పోయి, ఒకే పలకను సాన పడుతూ కూర్చున్నాడు. సాయంత్రానికి అది అప్పడమంత పలచన అయింది. బావా, దానికి నాకు భయమైంది. వాడు సుబ్బులును తప్ప వేరే పిల్లను కన్నెత్తి చూసేవాడు కాదు. నా నోటిదూల వాడి మెడకు చుట్టవద్దు.

తప్పు ఒప్పుకున్న
మస్తానయ్య

తా.క.: ఇదంతా నిజమని చెన్నకేశవస్వామి మీద ఒట్టు వేసి రాస్తున్నాను. ఇంతకుముందు వేసిన ఒట్లు లెక్కలోకి తీసుకోవద్దు.


రాచర్ల,
2-6-1958

బామ్మర్ది మస్తానయ్యకు కొండయ్య రాయించునది. నీ రెండో ఉత్తరం చూసి భయం రెండింతలైంది. కాగితం నిండా చెమట మరకలు. కంపెనీవాళ్ళు నీ పక్కన నిలబడి బలవంతాన రాయించినారని తెలిసిపోయింది. ఆ ప్రేమకుమారి నడిచివచ్చి సోడా తాగిందని రాసినావు. తెగిన తలను అతికించి సోడా తాగించగలిగినవాళ్ళు ఇంకేమైనా చేయగలరు.

నీ మాట నమ్మడానికి ఒకటే దారి. వాగు దాటేటప్పుడు మా గంటల పొట్టేలు ముందు దిగుతుంది. అది దాటితేనే మంద దాటుతుంది. మా పనిలో పద్ధతి అదే. ఆదివారం ఎనిమిదో తేదీ దానిని తోలుకొని వస్తున్నాము. నువ్వూ అదీ ఒకే పెట్టెలో రాట్నం ఎక్కాలి. ఇద్దరూ ప్రాణాలతో దిగి, పొట్టేలు మేత ముట్టితే తాంబూలాలు. ముట్టకపోతే బెస్తవారిపేట.

ఆ రోజు ఈ సంగతి నాతో ఎత్తవద్దు, బతిమాలవద్దు. ఎత్తితే ఒప్పందం చెడినట్టే.

ఇట్లు,
కొండయ్య వేలిముద్ర
(రాసినది సుబ్బులు)

తా.క.: పొట్టేలుకు ఆ పూట మేత పెట్టము. నువ్వు కూడా సంగటి తినకుండా రావడం మంచిదని మీ అక్క చెప్పమంది.


మార్కాపురం,
9-6-1958

బావకు, మంచం మీద నుంచి మస్తానయ్య దండం. పడుకునే రాస్తున్నాను. కూర్చుంటే ఇల్లు తిరుగుతుంది.

నిన్న ఒప్పందం ప్రకారం నీతో ఏమీ ఎత్తలేదు. ఇప్పుడు అంటాను. బావా, పద్దెనిమిది రోజులుగా ఆ రాట్నం కథలు చెప్పినాను గానీ, ఒక్కసారీ ఎక్కలేదు. మా మిద్దె మీద మిరపకాయలు ఎత్తాలన్నా ఆంజనేయులునే పంపుతాను. నిచ్చెన మూడో మెట్టు మీద నాకు ప్రపంచం ఊగుతుంది. ఈ మాట ఇంట్లో దానికి కూడా తెలియదు.

నిన్న ఎట్లాంటి రోజో చూసినావు గదా. మబ్బు పట్టి గాలి బిగిసింది. గుడ్డ కదలదు. చొక్కా పిండితే చెంబెడు వచ్చేది. కొమ్ములకు పసుపు రాసిన పొట్టేలుతో నువ్వు వచ్చినావు. వచ్చినవాడివి పొట్టేలుకు ఒక దండ వేసి, నాకొక దండ వేసినావు. దానికి బొట్టు పెట్టి, నాకు పెట్టినావు. మా అక్క కొంగు అడ్డం పెట్టుకొని ఏడ్చింది. బావా, మనం గొర్రెలోళ్ళం. దండ వేసి బొట్టు పెట్టిన తర్వాత ఏం జరుగుతుందో నాకు ఒకరు చెప్పాలా?

అంతటితో ఆగినావా? వేపమండతో పసుపునీళ్ళు నా నెత్తిన చల్లినావు. ఆ ఉక్కలో చల్లని నీళ్ళు పడేసరికి ఒళ్ళు ఝల్లుమని విదిలించుకున్నాను. "ఒళ్ళు విదిలించినాడు! ఒప్పుకున్నాడు!" అని అరిచినావు. జాతరలో పొట్టేలుకు అనే మాట అది! నన్ను ఏ దేవతకు ఇస్తున్నావో చెప్పకుండానే పెట్టె దగ్గరికి నడిపించినావు.

టికెట్లవాడు మమ్మల్ని చూసి, "ఈ రెండిట్లో కరిసేది ఏది?" అన్నాడు. నేను చెయ్యి ఎత్తినాను, అట్లనైనా దించేస్తాడని. దించలేదు. గొళ్ళెం వేసినాడు.

పైకి పోతుంటే నా కడుపు కిందనే ఉండిపోయింది. మా వీధి పోయింది, ఊరు పోయింది, చెన్నకేశవస్వామి గోపురం నా మోకాలి దగ్గరికి వచ్చింది, నల్లమల కొండలు పక్కింటి గోడ మాదిరి ఎదురుగా నిలబడినాయి. సరిగ్గా నడినెత్తిన రాట్నం ఆగింది. ఆగి, ముందుకూ వెనక్కూ ఊగింది. అరగంట, బావా! అరగంట నన్ను ఆకాశంలో వదిలేసినారు. ఇంజను చచ్చిందనుకున్నాను. తర్వాత చచ్చింది నేనే అనుకున్నాను. పొట్టేలు నా మొగంలోకి చూసి, నెమ్మదిగా నా మెడలో దండ తినడం మొదలుపెట్టింది.

ఇంక పోయేవాడినే గదా అని చేసినవన్నీ గొంతెత్తి ఒప్పుకున్నాను. మా వీధి గోవిందయ్య తలుపుకు దొంగ జప్తు కాగితం అంటించింది నేనే అన్నాను. బడిలో కరుణాకరం మాస్టారుకు లేని బదిలీ అయిందని చెప్పి సామాను బండికి ఎత్తించింది నేనే అన్నాను. ఆ ఇద్దరూ కింద టికెట్ల దగ్గరే నిలబడి ఉన్నారని పైనుంచి కనిపించలేదు.

దిగినాక పొట్టేలు జొన్నచొప్ప సగం మోపు తినింది. నువ్వు వంగి నా కాళ్ళకు దండం పెట్టి, "నీ రుణం ఏ జన్మకు తీరుతాది బామ్మర్దీ" అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నావు. నలుగురిలో ఇంత నున్నగా ఎగతాళి చెయ్యడం నీకు ఎప్పుడు వచ్చింది? సరే, పడినాను. నా వంతు అయింది. ఇప్పుడు నా కొడుక్కు పిల్లను ఇస్తావా, ఇవ్వవా?

నేల మీద ఉన్న
మస్తానయ్య

తా.క.: గోవిందయ్య, కరుణాకరం మాస్టారు పొద్దుటి నుంచి మా అరుగు మీద కూర్చుని ఉన్నారు. నేను బయటికి వచ్చిందాకా లేవరంట. ఈ ఉత్తరం పెరటి గోడ మీదుగా పోస్టుకు పంపుతున్నాను.


రాచర్ల,
11-6-1958

మామయ్యకు కోడలు సుబ్బులు దండాలు. ఈ ఉత్తరం నాయన చెప్పగా రాసింది కాదు. నిజానికి, ఏదీ నాయన చెప్పగా రాసింది కాదు.

నీ మొదటి ఉత్తరం వచ్చినప్పుడు నాయన ఎప్పటిమాదిరి, "చదువమ్మా, మామ ఏమంటాడు?" అన్నాడు. నేను ముందు లోపల చదువుకున్నాను. నాయన సంగతి నీకు తెలియదా? ఎండిన మునగచెట్టు నీడ చూసినా దయ్యమని దారి మార్చుకొని వస్తాడు. ఆ తలకాయ మాట ఆయన చెవిన పడి ఉంటే సంబంధం నిజంగానే పోయేది. అందుకని "అంతా క్షేమం, తాంబూలాలకు మంచిరోజు చూస్తున్నాము" అని చదివినాను. నాయన సంతోషపడి గొర్రెల దగ్గరికి పోయినాడు.

నాకే భయం పట్టుకుంది. బావ మంచివాడే. కానీ ఆ ఇంట్లో నువ్వు ఉంటావు. నీ నవ్వులాటకు ఒకనాడు నా కాపురం కూలితే, నిలబెట్టడానికి నువ్వు మాటలు కాక ఇంకేమైనా పెడతావా? అది తెలుసుకోకుండా ఎట్ల వచ్చేది? అందుకని తాంబూలాలు వద్దని నేనే రాసి, కాగితం కిందికి నాయన వేలు తెచ్చినాను. బెస్తవారిపేటలో మాకు తెలిసినవాళ్ళు ఒక్కరూ లేరు.

నీ రెండో ఉత్తరాన్ని నాయనకు ఇట్ల చదివినాను: "పిల్లల పెళ్ళి నిర్విఘ్నంగా జరగాలని మొక్కుకున్నాను. మీ గంటల పొట్టేలుతో కలిసి ఆకాశం తాకి వస్తాను. ఈ మాట నాతో ఎత్తితే మొక్కు చెడుతుంది." మొక్కు కాబట్టే నాయన దండ వేసినాడు, బొట్టు పెట్టినాడు, నీళ్ళు చల్లినాడు. నీ కాళ్ళకు పెట్టిన దండం ఎగతాళి కాదు మామయ్యా. నాయనకు ఎగతాళి చెయ్యడం రాదు.

అరగంట ఆపినారని రాసినావు. కింది పెట్టెలోకి ఒక ముసలామె, ఆమె మనవరాలు ఎక్కినంతసేపు ఆగింది. నేను పక్కనే ఉన్నాను. నువ్వు గోవిందయ్య సంగతి అరిచినావు, మాస్టారు సంగతి అరిచినావు. ఆ తర్వాత కళ్ళు మూసుకొని, "నేను పోయినా ఆంజనేయులుకు సుబ్బులును ఇయ్యండయ్యో!" అని అరిచినావు. అది నీ ఉత్తరంలో రాయలేదు. నేను విన్నాను. ఎగ్జిబిషన్ మొత్తం వినింది.

నాకు అంత చాలు. ఆదివారం తాంబూలాలకు వస్తున్నాము. నీళ్ళు బండిలో పీపాతో తెచ్చుకుంటాము.

నాయన ఇప్పుడు రాచర్లలో కనబడినవారినల్లా ఆపి, మా బామ్మర్ది నా బిడ్డ కోసం ఆకాశానికి పోయి వచ్చినాడని చెబుతున్నాడు. ఆ మొగం చూస్తే నాకు నిజం చెప్పడానికి నోరు రావడం లేదు. నీకు వస్తే నువ్వు చెప్పు. ఒకటే చిక్కు వచ్చింది. "మొక్కు ఒక్కసారికేనా?" అని నాయన అడిగినాడు. తొందరలో మూడేళ్ళు అన్నాను.

నీ ఇంటికి రాబోయే
సుబ్బులు

తా.క.: ఈ ఉత్తరం అత్తకు నువ్వే చదివి వినిపించు. ఏమని చదువుతావో నీ ఇష్టం. బావకు మాత్రం దీని నకలు వేరే కవరులో వేసినాను.