రిఫండు చెక్కు ఊరికి పంపవద్దు

ప్రొద్దుటూరు ఆదాయపన్ను అధికారి గారికి,

నమస్కారాలు. నాలుగేళ్లు నిరుద్యోగాన్ని ఒక్క సెలవూ పెట్టకుండా చేసి, జనవరిలో ఫ్యాక్టరీలో చేరాను. ఏడాదంతా సంపాదించాననుకుని జీతంలో పన్ను కోశారు. నన్ను ధనవంతుల లెక్కలో వేసిన మొదటివారు మీరే, కృతజ్ఞుణ్ణి. ఎక్కువ కోసింది తిరిగి ఇప్పించండి.

అయితే చెక్కు మా ఊరికి పంపవద్దు. ఊళ్లో రెండు పార్టీల మధ్య కక్షలున్నాయి, పోస్టాఫీసు అవతలి పార్టీ వీధిలో ఉంది. పోస్ట్‌మ్యాన్ మా వీధికి రాడు. నా ఉద్యోగం ఆర్డరు తెస్తానని మా అన్న కుళ్లాయప్ప అక్కడికి పోయాడు. దాన్ని పోలీసులు శవం జేబులోంచి తీసి నాకిచ్చారు.

"ఈసారి నేనే పోయొస్తాలేరా, ముసల్దాన్ని ఎవురేం జేస్తారు?" అంటాంది అమ్మ.

దయచేసి ఫ్యాక్టరీకే పంపండి. అది కుదరకపోతే ఆ డబ్బు మీరే ఉంచుకోండి.

ఇట్లు,
మీ కొత్త పన్నుదారు